బండ అడుగున పగులు

బేతంచెర్ల నాపరాయిని రెండు గోడల మీద పరిచి, నడుమ మోయలేని బరువు పెడితే పగులు ఎక్కడ మొదలవుతుంది? అడుగున. రాయి నొక్కుడును ఓర్చుకున్నంతగా సాగదీతను ఓర్చుకోదు. నంద్యాల, కడప జిల్లాల్లో బండలతో పనిచేసే చేతులకు అలవాటైన ఈ సంగతే ఇంజినీరింగ్ తరగతిలో మెకానిక్స్ పేరుతో ఎదురైతే విద్యార్థులకు కొరకరాని కొయ్య అవుతోంది. లెక్కలు రాకే ఈ అవస్థ అనుకుంటాం. కానీ ప్రవేశపరీక్షలో లెక్కల్లో గట్టెక్కినవాళ్లు కూడా బల్ల మీది పుస్తకంపై పనిచేసే బలాల బొమ్మ గీయమంటే తడబడతారు. పుస్తకం బరువు, బల్ల పైకి నెట్టే బలం సమానం కాబట్టి అవే చర్య, ప్రతిచర్య అని రాస్తారు. ఆ రెండూ పనిచేసేది ఒకే పుస్తకం మీద. న్యూటన్ చెప్పిన జంట రెండు వేర్వేరు వస్తువుల మీద ఉంటుంది. సూత్రం నోటికి వచ్చింది, చూపు కుదరలేదు.

ఇది మన పిల్లల లోపం మాత్రమే కాదు. అమెరికాలో భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ హేక్ 1998లో 6,542 మంది విద్యార్థుల మెకానిక్స్ పరీక్ష ఫలితాలను పోల్చారు. పాఠం విని ఊరుకున్న తరగతులు, మొదట తెలియనిదాంట్లో సగటున పావువంతే నేర్చుకున్నాయి. ఆలోచింపజేసి, పక్కవాళ్లతో చర్చింపజేసినవి దాదాపు సగం నేర్చుకున్నాయి. మరి సిలబస్ పూర్తికావద్దా? కావాలి, సెమిస్టర్ చిన్నదే. అయినా బోర్డు మీద పది లెక్కలు చేసే చోట ఆరు చేసి, మిగిలిన సమయంలో బండముక్క చూపించి, అది ఎక్కడ పగులుతుందో ముందుగా పిల్లలచేత ఊహించి చెప్పించవచ్చు. పిల్లలు ఇలా తెలుగులో వాదించుకుంటే ఇంగ్లీషులో పరీక్ష ఎలా రాస్తారన్నది మరో సందేహం. రాయి అడుగున సాగే పొరను ముందు వేలితో చూపి, ఆ తర్వాత ‘టెన్షన్’ అన్న మాట చెబితే, జవాబు పత్రంలో ఆ మాట అర్థంతోనే దిగుతుంది.