చల్లారితే నడిచే బండి

హెయిర్ డ్రయ్యరు వల్ల మనిషికి బుద్ధి రావచ్చునని మొన్న వేసవిదాకా నాకు తెలియదు. చెబితే నవ్వుతారు గాని, జరిగింది అదే.

మేముండేది కొండాపూర్లో. ఇటువైపు ఇల్లు గుర్తు చెప్పాలంటే ఫలానావారి పక్క ఇల్లు అనరు, ఫలానా కంపెనీ వెనకాల అంటారు. 1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజ్‌పేయి వచ్చి సైబర్ టవర్స్ ప్రారంభించిన నాటికి ఈ చుట్టుపక్కలంతా రాళ్ళగుట్టలే. గుట్టలు పోయి అద్దాల మేడలు లేచాయి. మా అపార్ట్‌మెంటుకు తాగేనీళ్ళు మాత్రం ఇప్పటికీ బండి మీదే వస్తాయి. ఓ చిన్న ట్రక్కు, దాన్నిండా 20 లీటర్ల క్యాన్లు, వాటిని భుజాన వేసుకుని మెట్లెక్కే ఓ పాతికేళ్ళ కుర్రాడు.

ఆ ట్రక్కు ఓ రోజు పొద్దున్న తొమ్మిది గంటలకు సరిగ్గా మా గేట్లో ఆగిపోయింది. తొమ్మిదంటే మీకు తెలుసుగా! హైటెక్ సిటీకి పోవలసిన కార్లన్నీ ఒకదాని వెనక ఒకటి. హారన్లు, విసుగులు, ఇంగ్లీషులో తిట్లు.

"జర ఆగుండ్రి సార్. ఇరవై నిమిషాల్ల చల్లబడ్తది, అదే స్టార్టయితది," అన్నాడు కుర్రాడు.

చల్లబడింది. అదే స్టార్టయింది. చిత్రమేమిటంటే అది స్టార్టు కావడమే వాడి కొంప ముంచింది. చెడిపోయిన బండి చెడిపోయినట్టుండాలి గాని, ఇరవై నిమిషాలు అలిగి మళ్ళీ లేచి పోవడమేమిటి? వారంలో ఇంకో రెండుసార్లు అలాగే జరిగింది. రెండుసార్లూ ఓనరు మెకానిక్కుని పంపాడు. అతను వచ్చేసరికి బండి బుద్ధిమంతురాలిలా గురగురలాడుతోంది. "ఏం లేదు, బానే ఉంది" అని ఆయన వెళ్ళిపోయాడు.

ఇక చూడండి, పైన మూడో అంతస్తు పిన్నిగారు పని తప్పించుకోడానికి వేషాలన్నారు. వాచ్‌మన్, పెట్రోలు తీసి అమ్ముకుంటున్నాడేమో అన్నాడు. ఓనరు ఫోన్ చేసి నన్నడిగాడు, ఆ కుర్రాడి సంగతి ఎలా ఉందమ్మా అని. నేనేమన్నానో కూడా చెప్పేస్తాను, దాచుకోను. "రోజూ ఇదే నాటకం బాబూ. ముందసలు ట్యాంకులో పెట్రోలుందో లేదో చూసుకో," అన్నాను. ఎంతసేపు పట్టింది? కూర పోపు మాడిపోకుండా అరనిమిషంలో అనేసి పెట్టేశాను.

మర్నాటి నుంచి ఆ కుర్రాడు రాలేదు. వేరొకడు వచ్చాడు. ఓనరు అనుమానం తీరక ట్యాంకులోని పెట్రోలు పంపు కూడా కొత్తది వేయించాడట. డ్రైవరూ కొత్త, పంపూ కొత్త. నాలుగో రోజున ట్రక్కు మళ్ళీ మా గేట్లోనే ఆగింది!

ఈసారి వచ్చిన మెకానిక్ వేరు. యాభై దాటిన మనిషి, తొందర లేదు. ఆయన వచ్చేసరికి బండి యథాప్రకారం నడుస్తోంది. అయినా ఆయన వెళ్ళలేదు. "చెడిపోయేదాక కూసుంట," అని బండిని గేటు లోపలికి తీయించి, నీడన గోనెసంచీ పరుచుకున్నాడు. టీ ఇవ్వడానికి వెళితే కాస్త మొహమాటపడుతూ అడిగాడు. "అమ్మా, ఇంట్ల జుట్టు ఆరబెట్టే మిషనుంటదా?"

మా కోడలిది తెచ్చి ఇచ్చాను. వాచ్‌మన్ గదిలోంచి వైరు లాగి, బండి కింద చాసిస్‌కి బిగించి ఉన్న అరచేతంత డబ్బాకి వేడిగాలి పట్టడం మొదలుపెట్టాడు. ఐదు నిమిషాలు కాలేదు, ఇంజను దగ్గి ఆగిపోయింది. అప్పుడు బ్యాటరీ నుంచి విడిగా ఓ తీగ లాగి పంపుకి సూటిగా కరెంటిచ్చాడు. ట్యాంకులో పంపు సన్నగా ఝుమ్మంది. "చూసిండ్రా, పంపు మంచిగనే ఉన్నది. దానికి హుకుం ఇచ్చేటిదే ఖరాబయింది," అన్నాడు.

ఆయన చెప్పింది నాకర్థమైనంతలో ఇదీ. ఇంజనుకి ఎంత పెట్రోలు కావాలో బండిలోని కంప్యూటరు లెక్కగడుతుంది. ఆ లెక్క విని, పంపుకి కరెంటు హెచ్చుతగ్గులుగా వదిలేది మధ్యలో ఈ డబ్బా. పేరు ఫ్యూయల్ పంప్ కంట్రోల్ మాడ్యూల్. అత్తాకోడళ్ళ మధ్య కబుర్లు మోసే ఆడబిడ్డ లాంటిదన్నమాట! దానిలో టంకం పెట్టిన చోట వెంట్రుకవాసి బీట పడితే, వేడెక్కినప్పుడు బీట విచ్చుకుని కరెంటు తెగుతుంది. చల్లారితే మళ్ళీ అతుక్కుంటుంది. ఆ కుర్రాడు చెప్పింది అక్షరాలా ఇదే. మనకి వినబడింది నాటకంలా.

కొత్త డబ్బా బిగించడం ఎంతసేపు? రెండు బోల్టులు, ఒక ప్లగ్గు, అయిపోయింది. కాని దాన్ని బండిలోని కంప్యూటరుకి పరిచయం చెయ్యాలట, అందుకు స్కానరు కావాలి. ఆయన ఎక్కడినించో అరువు తెచ్చాడు. కంపెనీలు విడిభాగాలూ ఈ పరికరాలూ బయట మెకానిక్కులకు అందనివ్వడం లేదనే ఫిర్యాదు మీద 2014లో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల పైచిలుకు జరిమానా వేసింది, అది అప్పీళ్ళకు పోయింది. 2022 డిసెంబరులో కేంద్రం మరమ్మతు హక్కు కోసం ఓ పోర్టల్ కూడా పెట్టింది. మన గేటు దగ్గరి మనిషి మాత్రం అరువు స్కానరుతోనే పని కానిచ్చాడు.

ఆ స్కానరు చెప్పిన సంగతి దగ్గరే నేను ఆగిపోయాను. 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్మే కొత్త బండ్లన్నీ బీఎస్-6 రకంవే కావాలి గదా, తమలోని లోపాల్ని తామే గుర్తుపెట్టుకునే ఏర్పాటు వాటిలో ఉండి తీరాలి. ఈ బండి కూడా పంపుకి కరెంటు తెగిందని ఎప్పుడో రాసుకుని ఉంచుకుంది. తెరమీద ఆ కోడ్ కనబడగానే ఓనరు "అయ్యో, అట్లనా!" అన్నాడు. కంప్యూటరు ఒక్క మాటంటే నమ్మాడు. అదే మాట ఆ కుర్రాడు మూడుసార్లన్నాడు.

ఇది చెబితే మా కోడలు, "మా ఆఫీసులోనూ అంతే అత్తయ్యా. ఎవరైనా తప్పుందని చెబితే, మళ్ళీ చేసి చూపించమంటాం. చూపించలేకపోతే ఫిర్యాదు మూసేస్తాం," అంది తేలిగ్గా.

నాకు తేలిగ్గా అనిపించలేదు. మా అమ్మకి ఒకవైపు తలనొప్పి వచ్చేది. వస్తే చీకటి గదిలో గుడ్డ కట్టుకుని పడుకునేది, వాంతులయ్యేవి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళిన రోజున మాత్రం చక్కగా బొట్టు పెట్టుకుని నవ్వుతూ కూచునేది. నాన్నగారు డాక్టరుతో ఏమనేవారో నాకింకా గుర్తు. "పని ఎక్కువున్న రోజునే వస్తుందండీ ఇది." పని ఎక్కువైతే తలనొప్పి రావడంలో తప్పేముందని అడిగే తెలివి మా ఎవరికీ లేకపోయింది. చిన్నదాన్ని నేను కూడా నవ్వాను.

అలాగని ఎవరేం చెప్పినా నమ్మేస్తే సంసారాలు సాగుతాయా? పెట్రోలు అమ్ముకునే డ్రైవర్లు లేరా, వేషాలు వేసే పనివాళ్ళు లేరా? ఉన్నారు. ఓనరుకి అనుమానం రావడం తప్పని నేననను. నాకు రావడమూ తప్పు కాదేమో. కాని ఆ డబ్బా మీద అనుమానం వచ్చిన మెకానిక్ పూటంతా కూచుని, వేడి పెట్టి, పంపుని విడిగా పరీక్షించి, అప్పుడు కదా దాన్ని పీకేశాడు! పంపయినా ఊరికే పోయింది గాని దానికి ఇంటద్దె లేదు. ఆ కుర్రాడికి ఉంది. ఇరవై నిమిషాలు బండి పక్కన నిలబడి చూసి ఉంటే చాలు, వాడు చెప్పిన లెక్క ప్రకారమే అది లేస్తోందని నాకు తెలిసేది. మా వారితో అంటే, "నువ్వేం మెకానిక్కువా?" అన్నారు. కాను. మరి వాడు దొంగ అని తేల్చినప్పుడు నేను జడ్జీనా?

ఓనరు దగ్గర నంబరు తీసుకుని నాలుగు రోజులు తాత్సారం చేశాను. ఐదో రోజు చేశాను. గచ్చిబౌలిలో ఏదో ఆఫీసు క్యాబు నడుపుతున్నాడట. గుర్తుపట్టాడు.

"బండి బాగయిందా అమ్మా?"

"అయింది నాయనా. అదే నీతో..."

"ఏం పోయింది దాంట్ల?"

"మాడ్యూలట."

"పంపు కాదు గద? నేనప్పుడే అన్న, చల్లబడితే నడుస్తుంది, పంపు కాదని."

"అన్నావు బాబూ. నేనే..."

అవతల హారన్లు మోగాయి. "సిగ్నల్ పడ్డదమ్మా, మళ్ళ చేస్త," అని పెట్టేశాడు.