గట్టు విడిచి రావాలా?

కోయవాడు క్రైస్తవుడైతే ఇంక కోయవాడు కాడా? భద్రాచలం అడవి అంచు గూడేల్లో ఈ మాట రెండు వైపుల నుంచీ వినిపిస్తుంది. వేల్పును కొలిచే పెద్దలు బాధతో అంటారు. కొందరు బోధకులు గట్టును వదిలిరమ్మని షరతు పెడతారు. ఇంతకూ బైబిలు ఏమడుగుతోంది?

తెలుగు బైబిలు యూదులు కానివాళ్లను ‘అన్యజనులు’ అంటుంది. హీబ్రూలో ఆ మాట ‘గోయీం’. అంటే జాతులు, జనాలు. ఆదికాండం 12లో దేవుడు అబ్రాహాము సంతానాన్ని కూడా ‘గోయ్’ అనే అంటాడు. ఆ వెంటనే ఆశీర్వాదం చెప్పింది భూమ్మీది ‘మిష్పహోత్’ అన్నిటికీ. అంటే వంశాలకు. మన గట్టుకు దగ్గరి మాట అది.

ఈ వాగ్దానాన్ని అందరూ ఒకేలా చదవలేదు. 11వ శతాబ్దపు యూదు పండితుడు రాషీ, జనం తమ బిడ్డలను అబ్రాహాములా ఉండమని దీవిస్తారని అర్థం చెప్పాడు. పౌలు గలతీయులకు రాస్తూ, అన్యజనులు విశ్వాసం వల్లనే ఆ దీవెనలో పాలు పొందుతారన్నాడు. ముందు యూదులుగా మారాలంటే అది అన్ని జాతుల దీవెన ఎలా అవుతుంది? ఒక్క జాతిదే అవుతుంది.

అపొస్తలుల కార్యాలు 15లో యెరూషలేము పెద్దలు ఇదే తేల్చారు. సున్నతి అక్కర్లేదన్నారు. నాలుగు మాత్రం వద్దన్నారు: విగ్రహాలకు పెట్టినవి, రక్తం, గొంతు నులిమి చంపినవి, వ్యభిచారం. కాబట్టి కొత్తల పండుగలో వేల్పుకు కోసిన కోడి తినాలా వద్దా అన్నది విశ్వాసికి నిజమైన చిక్కే. అది లేదనడం నిజాయితీ కాదు. అయితే కోయ మాట, ఇంటిపేరు, గట్టు, రేల పాట ఆ నాలుగింటిలో లేవు.

1860ల తొలినాళ్లలో దుమ్ముగూడెంలో కోయ మిషన్ మొదలైంది. ఆ శతాబ్దంలోనే లూకా సువార్త కోయ భాషలో అచ్చయింది. యేసును జనాలన్నిటికీ వెలుగని ముసలి సుమెయోను చెప్పిన సంగతి ఉన్నది ఆ సువార్తలోనే. దేవుడి మాట కోయలోకి రాగలిగినప్పుడు, కోయవాడు కోయగానే దేవుడి దగ్గరికి పోలేడా?

మతం మారిన ఆదివాసులను తెగల జాబితా నుంచి తీసెయ్యాలనేవాళ్లూ ఇప్పుడున్నారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల్లో షెడ్యూల్డ్ కులాలకు మతం షరతు ఉంది. తెగలకు లేదు. గట్టు వదలమనే బోధకుడు తెలియకుండానే వీళ్ల వాదనకు బలమిస్తున్నాడు.

రోమీయులకు రాస్తూ పౌలు అన్యజనులను అంటుగట్టిన అడవి ఒలీవ కొమ్మ అన్నాడు. వేరే మిమ్మల్ని మోస్తోంది, గొప్పలు పోవద్దని హెచ్చరించాడు. అక్కడ వేరు ఇశ్రాయేలు. కానీ మనల్ని కన్న గూడెం విషయంలోనూ ఆ హెచ్చరిక నిలుస్తుందని నా నమ్మకం. పెద్దలు విశ్వాసిని పెళ్లికీ చావుకీ పిలవాలి. పిలిస్తే విశ్వాసి వెళ్లాలి.