కళ్లెము వేయకమునుపు

ధ్యానమునకు: కీర్తనలు 32



ఈ కీర్తనలో గుఱ్ఱమును, కంచరగాడిదను గూర్చిన హెచ్చరిక మీరందరు ఎరిగినదే. దానిమీద మేమును అనేక పర్యాయములు ప్రసంగించితిమి. అయితే దానికి ముందున్న 8వ వచనమును అంత శ్రద్ధగా చదివితిమని చెప్పజాలము. దేవుడు అక్కడ కళ్లెమును గూర్చి పలుకకమునుపు తన దృష్టిని గూర్చి పలుకుచున్నాడు. మనమీద కన్ను ఉంచి త్రోవ చూపుదునని ఆయన వాగ్దానము. కళ్లెము ఆ తరువాతి మాట.

ఈ క్రమము మాకు ఒక జట్కా తాతవలన బోధపడినది. మా చిన్నతనములో మా యింటి ఎదుట జట్కాలు నిలుచుచుండెను. ఆ తాత తెల్లవారుజామున గుఱ్ఱమునొద్దకు ఎన్నడును వెనుకనుండి వెళ్లెడివాడు కాడు. గుఱ్ఱమునకు కన్నులు తలకు ఇరుప్రక్కల నుండుటచేత చుట్టును చాలమట్టుకు కనబడును గాని, సరిగా తోక వెనుకనున్నదియు, నుదుటికి మరీ దగ్గరగా నున్నదియు కనబడవు. కావున పేరుపెట్టి పిలుచుచు భుజము ప్రక్కగా వచ్చెడివాడు. బురుసుతో ఒళ్లు తోమి, మెడ మొదలుకొని కాళ్లవరకు చేయి దించి తడిమి, నాలుగు డెక్కలు ఎత్తి చూచెడివాడు. పెట్టిన ఉలవ గుగ్గిళ్లు ముట్టక, మాటిమాటికి తన డొక్కవైపు తిరిగి చూచుకొనినయెడల కడుపునొప్పి యని గ్రహించి ఆ దినము బండి కట్టెడివాడు కాడు. కూలి పోయెనని యింటివారు సణిగినను సరే.

చెవులే దాని మాటలని అతడు చెప్పెడివాడు. ముందుకు నిక్కినయెడల ఏదో ఆలకించుచున్నది. మెడకు అంటునట్లు వెనుకకు వాల్చినయెడల కోపమో, భయమో, నొప్పియో. "ఏదన్నది చెవి చెప్పదురా అబ్బాయ్, రోజూ దగ్గరుండేవాడికే తెలుస్తుంది" అనెడివాడు.

ఒకమారు క్రొత్త గుఱ్ఱమును కొని తెచ్చి, చాల దినములు బండికి కట్టనేలేదు. త్రాడు పట్టుకొని దొడ్డిలో నడిపించుచుండెను. త్రాడు కొంచెము బిగించి ఓపికతో నిలిచెడివాడు. అది ఒక్క అడుగు వేయగానే వదులు చేసెడివాడు. ఆ వదులు చేయుటవలననే అది నేర్చుకొనెను. ఇది క్రొత్త విద్య కాదు. 2,300 సంవత్సరములకు పైగా క్రిందట క్సెనొఫోను అను గ్రీకు సేనాని గుఱ్ఱపుస్వారిని గూర్చి గ్రంథము వ్రాయుచు, కోపముతో గుఱ్ఱము జోలికి పోరాదని బోధించెను.

ఒక ఉదయమున ఆ తాత గుఱ్ఱము నడివీధిలో నిలిచిపోయెను. రైలు వేళ మించిపోవుచున్నది, కొట్టుమని బండిలోనివారు కేకలు వేసిరి. తాత దిగి, ముందరి కాలు ఎత్తి చూచెను. లాడమునకును, డెక్క అడుగున మెత్తని భాగమునకును నడుమ ఒక గులకరాయి ఇరుకుకొని యుండెను. దానిని తీసి, పది అడుగులు నడిపించి చూచుకొని, అప్పుడు బండి ఎక్కెను. రైలు అందినదో లేదో మాకు జ్ఞాపకము లేదు.

గుఱ్ఱము నొప్పిని దాచు జంతువు. మందలో కుంటునది క్రూరమృగమునకు మొదట చిక్కును గనుక దాని స్వభావమే అట్టిది. మనుష్యుడును అంతే. దావీదు ఈ కీర్తనలోనే, తాను నోరు విప్పక మౌనముగా నుండిన దినములలో ఎంత క్షీణించెనో ఒప్పుకొనుచున్నాడు. బిలాము తన గాడిదను మూడుమారులు కొట్టెను. త్రోవలో నిలిచిన దూత ఆ మూగజీవికి కనబడెను గాని, దర్శనములు చూచువాడనుకొనిన బిలామునకు కనబడలేదు. బోధకులమైన మాకు ఇది చదువుటకు కష్టమైన అధ్యాయము.

ఏలయనగా మేమును కొట్టితిమి. పూర్వము మేము సేవచేసిన ఒక సంఘములో ఒక సహోదరుడు కొన్ని నెలలుగా వెనుక వరుసలో కూర్చుండి, కానుక సంచి వచ్చువేళకు లేచి పోవుచుండెను. ఒక ఆదివారము ప్రసంగవేదికనుండి గద్దించితిమి. పేరు చెప్పలేదు గాని అందరి తలలు వెనుకకు తిరిగెను. తరువాతి ఆదివారము అతడు రాలేదు. ఆ పిమ్మట అతని భార్య చెప్పగా తెలిసినది: కోతకు వచ్చిన పంట వానలో పోయి యింటిలో రూపాయి లేదు. వట్టి చేయి సంచిలో పెట్టుటకు సిగ్గుపడి లేచిపోవుచుండెను.

మూడు పర్యాయములు ఆ యింటికి వెళ్లితిమి. మమ్మును చూచి అతడు దొడ్డిదారిన పొలమునకు పోయెను. నాలుగవమారు సంఘము మాట ఎత్తలేదు. అతడు గేదెకు మేత వేయుచుండగా గడ్డివాము దగ్గర నిలిచి, గడ్డి అందించితిమి. చాలసేపు ఏమియు పలుకలేదు. తరువాత వానను గూర్చి కొంచెము చెప్పెను. మేము క్షమాపణ అడిగితిమి. అతడు తల ఎత్తలేదు. మేము లేచి బయలుదేరునప్పుడు మాత్రము, "మళ్లీ రండి అయ్యగారూ" అనెను.

మరుసటి వారము వెళ్లితిమి.