చేపలండీ అన్నాను

ఆ ఆదివారం ఇంటిగలావిడ పిట్టగోడ మీంచి చూసి, "ఏంటి టీచరుగారూ, పొద్దుట్నించీ ఆ పొగ? ఏం చేస్తున్నారు?" అని అడిగింది. "చేపలండీ, కాలుస్తున్నాం" అన్నాను.

నోరు జారి వచ్చిన మాట కాదది. పంది ముందుకాలి జబ్బ రెండున్నర కిలోలు డ్రమ్ములో పెట్టి మూత వెయ్యకముందే, ఎవరన్నా అడిగితే ఏం చెప్పాలో నేనూ మా ఆయనా అనుకుని పెట్టుకున్నాం. బందర్లో చేపలు కాలిస్తే ఎవరూ ముక్కు మూసుకోరు.

ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు ఆవిడ మా కులం అడగలేదు. "ఏమేం తింటారండీ?" అంది. "కోడి, చేపలు" అన్నాను. ఆవిడా అవే తింటుంది. తిండి అడిగి కులం తెలుసుకుందామని ఆవిడ చూసింది. తిండి దాచి కులం దాచుకుందామని నేను చూశాను. అడిగినావిడ మర్యాదస్తురాలు, నేను అబద్ధాలకోరుని. ఈ లెక్క ఎక్కడో తప్పింది. ఎక్కడ తప్పిందో వెతుక్కోడానికే ఇది రాస్తున్నా.

మాది కృష్ణా జిల్లా ఘంటసాల మండలం శ్రీకాకుళం. ఉత్తరాంధ్ర శ్రీకాకుళం కాదు. కృష్ణ ఒడ్డున, ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉన్న ఊరు. ఆ ఊరి పల్లెలో పుట్టాను. మా ఇంట్లో డిగ్రీ మొహం చూసిందాన్ని నేనే మొదలు. ఇప్పుడు గవర్నమెంటు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తున్నా.

మా అమ్మమ్మ కామందుల ఇంట పేడకళ్ళు ఎత్తి పిడకలు కొట్టేది. ఆ పిడకలే వాళ్ళ దాలిలో పడేవి. దాలి అంటే తెలియని పిల్లల కోసం చెప్తున్నా. పెరట్లో గుంటలాంటి పొయ్యి. అందులో పిడకలు రాజేసి, మంట లేకుండా కణకణలాడనిచ్చి, పైన పాలకుండ పెడతారు. పొద్దున పెట్టిన పాలు సాయంత్రానికి ఎర్రగా కాగి, అరచేతి మందాన మీగడ కడతాయి. ఆ పెరుగు రుచి గురించి డెల్టాలో పెద్దరైతుల పిల్లలు ఇప్పటికీ కథలు కథలుగా చెప్పుకుంటారు. పిడక చేసింది మా అమ్మమ్మ. కుండ ముట్టుకునే హక్కు మాత్రం ఆమెకి లేదు. పేడ ముట్టుకోవచ్చు, పాలు ముట్టుకోకూడదు.

సెగ సంగతి మాత్రం ఆమె అక్కడే నేర్చుకుంది. వానాకాలం మాంసం ఎండేసుకోడానికి ఎండ ఉండదు గదా. ఉప్పూ పసుపూ పట్టించి పొయ్యి పైన దండేనికి వేలాడదీసేది. కింద తుమ్మకట్టె, పైన ఊక చల్లి పొగ. నల్లబడి గట్టిపడ్డ ఆ ముక్కలు ఊడ్పుల రోజుల్లో చారులోకీ గంజిలోకీ వచ్చేవి. పంది దొరికినప్పుడు జబ్బ ముక్కని కుండలో పెట్టి, మూతికి పిండి మెత్తి, నిప్పుల్లో పూడ్చి కూలికి పోయేది. పొద్దుగూకి వచ్చేసరికి ఎముక దానంతటదే ఊడి వచ్చేది.

నేను డ్రమ్ములో చేసేది అదే పని. రాత్రే ఉప్పు, కారం, పసుపు, వెల్లుల్లి నూరి పట్టిస్తాను. తెల్లారి ఆరింటికి తుమ్మబొగ్గులు వొక పక్కకి నెట్టి, మాంసం రెండో పక్కన పెట్టి, మధ్యలో నీళ్ళగిన్నె ఉంచి మూత వేస్తాను. మంట తగలకూడదు. పొగ పల్చగా రావాలి. జబ్బ అంటే జంతువు బరువంతా మోసిన కండ. అందుకే దాని నిండా జిగురుపొరలుంటాయి. తొందరపడి వండితే తోలులా సాగుతుంది. లోపలి వేడి 70 డిగ్రీలు దాటాక ఆ పొరలు నిదానంగా కరగడం మొదలెడతాయి. 90 దాటాక వేళ్ళతో లాగితే పోగులు పోగులుగా విడిపోతుంది. తొమ్మిది పది గంటలు పడుతుంది. పంది మాంసంలో బద్దెపురుగులుంటాయని క్లాసులో నేనే చెప్తాను. అంత వేడికి ఏ పురుగూ బతకదని కూడా అప్పుడే చెప్పాలి. ఇన్నేళ్ళూ మొదటి ముక్క చెప్పి రెండోది వదిలేశాను.

మా తమ్ముడు అమెరికాలో నార్త్ కరోలినాలో ఉంటాడు. అక్కడ పంది జబ్బని ఇలాగే పొగమీద ఉడికించి, పోగులు తీసి, వెనిగరూ మిరపా కలిపి తినడం ఆ రాష్ట్రానికే పెద్ద పేరు. ఆ వంటని చేతులరిగేలా చేసి ఇంత పేరు తెచ్చినవాళ్ళలో ముందుండేది బానిసలుగా తెచ్చిన నల్లవాళ్ళు. దొరల విందులకి రాత్రంతా గుంటల పక్కన మేలుకుని సెగ కాసింది వాళ్ళు. పేరు మాత్రం చాలాకాలం వేరేవాళ్ళకి పోయింది. తమ్ముడు ఆ వంట చేస్తే మనూళ్ళ పెద్దకులాల స్నేహితులు కార్లేసుకుని వచ్చి తింటారట. ఫోన్లో చూపించాడు. వొకాయన వేళ్ళు నాక్కుంటా "అదిరింది బావా" అంటున్నాడు. ఆయన వాళ్ళమ్మ మా ఇంటిగలావిడ లాంటావిడే అయ్యుంటుంది. సముద్రం దాటితే అంటు పోతుందంటే, అంటు మాంసంలో లేదన్నమాటేగా. మరి ఎక్కడుంది?

మా ఊరి గుడి దగ్గర నిలబడితే ఈ ప్రశ్న ఇంకా ముదురుతుంది. కృష్ణదేవరాయలు కళింగ దండయాత్రకి పోతా విజయవాడ మీదుగా మా ఊరొచ్చి, ఏకాదశి ఉపవాసం ఉండి, ఆ రాత్రి కలలో ఆంధ్ర విష్ణువు కనబడి అడిగితే ఆముక్తమాల్యద రాశానని చెప్పుకున్నాడు. ఆ రాజు రాజముద్ర వరాహం. ఆయన నాణేన్నీ వరాహం అనేవాళ్ళు. విష్ణువు అవతారాల్లో పంది వొకటి. తిరుమలలో ముందు నైవేద్యం వరాహస్వామికే. ముద్ర మీద పంది రాచరికం, గుళ్ళో పంది దైవం, మా పళ్ళెంలో పంది మాత్రం నీచం.

అదే కావ్యంలో మాలదాసరి కథ ఉంది. వరాహమూర్తి భూదేవికి చెప్పిన కథ అది. వొక మాలవాడు గుడికి పోయి పాడే భక్తుడు. దారిలో బ్రహ్మరాక్షసుడు పట్టుకుంటాడు. వెనకటి జన్మలో వాడు బాపనాయన. "వొక్కసారి నా దేవుడికి పాడొస్తా, తర్వాత తిందువుగాని" అని మాటిచ్చి, పాడి, నిజంగానే తిరిగొస్తాడు మాలదాసరి. చివరికి వాడి పాటఫలం ధారపోస్తే గానీ రాక్షసుడికి విముక్తి రాదు. మొదటిసారి చదివినప్పుడు పొంగిపోయాను, మావాడు ఎంత సత్యసంధుడో అని. ఇప్పుడు వేరేగా తోస్తోంది. సత్యం ఎప్పుడూ తినబడేవాడినే ఎందుకడుగుతారు? తినేవాణ్ణి ఎవరూ ప్రమాణం చెయ్యమనరే! పైగా అంత సత్యసంధుణ్ణీ పాట గుడి బయటే పాడించారు.

ఇలా ఆలోచిస్తే నా అబద్ధానికి సమర్థన దొరికింది. ఇల్లు ఇవ్వనంటారన్న భయం పుట్టించింది వాళ్ళు, కాబట్టి అబద్ధం వాళ్ళదే అనుకున్నాను. దాచుకోవడం మనకి కొత్తా? 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం పుచ్చుకున్న దళితుడు షెడ్యూల్డు కులంవాడు కాడు. దాంతో ఎన్ని వాడల్లో ఎందరికి ఆదివారం వొక పేరు, సోమవారం ఇంకో పేరు! చట్టమే రెండు పేర్లు పెట్టించాక మనిషిని దొంగ అనడం ఏం న్యాయం?

ఇంకో సమర్థనా ఉంది. నా వంట నా ఇష్టం, ఎవరికీ చెప్పక్కర్లేదు. 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల బెంచి వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని తీర్పిచ్చింది. ఆ బెంచిలో మా పక్క మొవ్వ మండలం పెదముత్తేవిలో పుట్టిన జస్టిస్ చలమేశ్వర్ ఉన్నారు. ఏం తినాలో ఏం కట్టాలో రాజ్యం చెప్తే ఎవరూ ఇష్టపడరనే అర్థంలో ఆయన తన తీర్పులో రాశారు. ఆ మాటకి నేను రుణపడి ఉంటాను. కానీ నా ఇంటి తలుపు వేసింది రాజ్యం కాదు. హక్కుతో వేసుకున్న తలుపూ భయంతో వేసుకున్న తలుపూ బయటినించి వొకేలా కనపడతాయి. తేడా లోపల ఉన్నవాళ్ళకే తెలుసు.

నాకు తెలిసొచ్చింది మర్నాడు సోమవారం.

ఎనిమిదో తరగతిలో వొక ఎరుకల పిల్లాడున్నాడు. వాళ్ళ నాన్న పందులు పెంచుతాడు. మధ్యాహ్నం భోజనాల వరసలో పిల్లలు వాడి దగ్గిర్నించి జరిగి, "పందుల కంపు, పందుల కంపు" అంటున్నారు. అన్నవాళ్ళలో మా పల్లె పిల్లల్లాంటి పిల్లలు కూడా ఉన్నారు. ఈ మాట రాయడం నాకు కష్టంగా ఉంది, రాయకపోతే ఈ వ్యాసమూ "చేపలండీ" అవుతుంది. ఎద్దుమాంసం తినే మావాళ్ళు పందిని ఎరుకలోళ్ళ తిండి అని చప్పరించడం చిన్నప్పట్నించీ విన్నాను. మా అమ్మమ్మ కూడా వాళ్ళ దగ్గరే కొని, డబ్బులు చేతికివ్వకుండా గట్టు మీద పెట్టేది. తన చేతికి కామందులు చేసిందే తను ఇంకొకరికి చేసింది. నేరస్త జాతుల చట్టం కింద ఎరుకల వాళ్ళని పుట్టుదొంగలన్నారు. ఆ చట్టం 1952లో రద్దయింది. చూపు రద్దు కాలేదు.

ఆ పిల్లాడు పళ్ళెం పట్టుకుని వేపచెట్టు కిందకి పోయాడు. నేను గుడ్ల బుట్ట దగ్గర నిలబడి ఉన్నాను. "గొడవ చెయ్యకండి, వరసలో నిలబడండి" అన్నాను. అంతే. గుడ్డు ఇవ్వడానికి వాడి దగ్గరికి వెళ్ళి వంగాను. తలంటుకోలేదు, నా జడలో ఇంకా నిన్నటి పొగ ఉంది. వాడు తలెత్తి నా మొహంలోకి చూశాడు. ఆ వాసన వాడికి తెలియంది కాదు. ఏమీ అనలేదు. గుడ్డు తీసుకుని తల దించుకున్నాడు. నా రహస్యాన్ని నాకంటే మర్యాదగా దాచాడు.

అక్కడ నా సమర్థనలన్నీ కూలిపోయాయి. ఇంటిగలావిడకి చెప్పిన అబద్ధానికి నేను ఇప్పటికీ పెద్దగా సిగ్గుపడను. బలమున్నవాళ్ళ ముందు బలం లేనివాళ్ళు కప్పుకునే దుప్పటి అది. కానీ ఆ దుప్పటి కిందికి నాకంటే బలహీనుడు వచ్చి చలికి వణుకుతుంటే, కప్పకపోగా వాణ్ణి బయటే ఉంచాను. దాచుకోవడం తప్పో కాదో తేల్చే కొలబద్ద ఇదేననుకుంటున్నా. నా మౌనం ఖరీదు ఎవరు కడుతున్నారు? నేనే కడితే అది నా ఇష్టం. వేరేవాడు, అందులోనూ పిల్లాడు కడితే, అది ద్రోహం.

మా ఊరికి దగ్గర్లోనే ఘంటసాలలో పాత బౌద్ధస్తూపం ఉంది. డీయస్సీకి చదివేటప్పుడు అక్కడికి పోయి కూచునేదాన్ని. బుద్ధుడి చివరి భోజనం పెట్టింది చుందుడనే కమ్మరి. పెట్టింది సూకరమద్దవం. అది లేత పందిమాంసమని కొందరు, కాదు పుట్టగొడుగులూ ఇంకేదోనని కొందరు పండితులు వందల ఏళ్ళుగా కొట్టుకుంటున్నారు. నాకు ఆ తగువు అక్కర్లేదు. ఆ తర్వాత బుద్ధుడు చేసిన పని కావాలి. తిన్నాక జబ్బుపడ్డాడు. చావు దగ్గరపడుతున్నా ఆనందుణ్ణి పిలిచి, చుందుడు తన వంట వల్లే ఇలా అయిందని కుమిలిపోకుండా చూడమన్నాడు. తనకి జ్ఞానోదయానికి ముందు పెట్టిన భోజనమూ ఈ భోజనమూ సమానమైన పుణ్యమని వాడికి చెప్పమన్నాడు. పెట్టినవాడు సిగ్గుతో బతక్కూడదనేది ఆయన ఆఖరి చింతల్లో వొకటి. గురువంటే అదీ. నేను వరసలో నిలబడండి అన్నాను.

బుధవారం జీర్ణవ్యవస్థ పాఠం. మాంసకృత్తులు ఎక్కడెక్కడ ఉంటాయని అడిగితే పిల్లలు పప్పు, గుడ్డు, చేప, కోడి అన్నారు. నేను బోర్డు మీద ఎద్దు, పంది కూడా రాశాను. క్లాసు గుప్పున నవ్వింది. "మొన్న ఆదివారం మా ఇంట్లో పందే. తొమ్మిది గంటలు పొగబెట్టి వండాను" అన్నాను. నవ్వు ఆగిపోయింది. చాక్‌పీసు పట్టుకున్న నా చెయ్యి వణికింది, అది కూడా చెప్పాలి. కాసేపటికి వెనక బెంచీ నించి ఆ ఎరుకల పిల్లాడు లేచి, "టీచర్, మా నాన్న అయితే ముందు గడ్డిమంట మీద బొచ్చు కాల్చి, కత్తితో గీకి కడుగుతాడు. అప్పుడే తోలు బాగుంటది" అన్నాడు. నాకు తెలియని సంగతి నాలుగు నిమిషాలు చెప్పాడు. నేను వింటా నిలబడ్డాను.

ఆ సాయంత్రం ఇంటిగలావిడకి కూడా చెప్పాను. "ఆదివారం చేపలు కాదండీ, పంది మాంసం" అన్నాను. ఆవిడ కోప్పడలేదు. "అయ్యో, మాకెందుకులెండి" అని లోపలికి పోయింది. వారం తిరక్కుండా, వాళ్ళబ్బాయి హైదరాబాదు నించి వచ్చేస్తున్నాడనీ ఇల్లు కావాలనీ కబురొచ్చింది. ఆవిడ చెప్పిన చేపలు అవి. నేను తిరిగి అడగలేదు.

ఇల్లు వెతుకుతున్నాం. డ్రమ్ము తీసుకుపోతాం.