చెప్పని రుసుము

మధ్యవర్తి తన శ్రమకు రుసుము తీసుకోవడం తప్పని ఏ ధర్మశాస్త్రమూ గట్టిగా చెప్పలేదు. పేచీ అంతా చెప్పకుండా తీసుకున్న రుసుము దగ్గరే. సరుకు తెప్పించి పెట్టే ఏజెంటు మొదట ఒక మొత్తం చెప్పి, పెట్టె రేవులో దిగాక ‘ఇతర ఖర్చులు’ అని బిల్లు చివర ఇంకో మొత్తం చేరిస్తే దాన్ని ఏమనాలి? అబద్ధం అందామంటే అతను నోటితో అబద్ధం ఆడలేదు. దొంగతనం అందామంటే డబ్బు కొన్నవాడే తన చేత్తో ఇచ్చాడు. ఈ రెంటి మధ్య ఉన్న మౌనానికి ధర్మంలో ఏ పేరుందన్నదే ప్రశ్న.

అండమాన్ దీవుల్లో బతికేవాళ్లకు ఇది పుస్తకాల్లో ప్రశ్న కాదు. 2024 సెప్టెంబరు దాకా పోర్ట్ బ్లెయిర్‌గా ఉండి, ఆ తర్వాత శ్రీ విజయపురంగా మారిన ఊరి శివారులో బ్రూక్షాబాద్ ఉంది. అక్కడ ఇల్లు కట్టుకుంటున్న తెలుగువాణ్ని ఒకణ్ని అనుకోండి. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు వాళ్లలో ఎన్నో. ఇల్లు కట్టాలన్నా, కొట్టు పెట్టాలన్నా సిమెంటు, ఇనుము, టైల్స్ లాంటివి చాలావరకు చెన్నై, విశాఖపట్నం, కోల్‌కతా రేవుల నుంచి ఓడ మీద రావలసిందే. విశాఖ దాదాపు 1,200 కిలోమీటర్ల దూరం. హమాలీలకు ఎంత ఇచ్చారు, లారీ బాడుగ ఎంతయింది, గోడౌనులో ఎన్ని రోజులు పడి ఉంది అని కొన్నవాడు వెళ్లి చూసుకోలేడు. ఇక్కడి హాడో జెట్టీలో సరుకు దిగేదాకా అతని దగ్గర ఉన్నదల్లా ఫోనులో విన్న ఒక అంకె. అవతలి ఒడ్డున అతని కళ్లూ చెవులూ ఏజెంటువే. ఒకరి కళ్లను అద్దెకు తీసుకున్నప్పుడు ఆ కళ్లు చూసినదంతా ఎవరి సొత్తు? నిజంగా తేలవలసింది ఇదే.

ముందుగా ఒక తేడా చెప్పుకోవాలి. విశాఖ నుంచి అండమాన్‌కు వచ్చే స్వదేశీ సరుకు, సముద్రం దాటినా, దిగుమతి కాదు. దాని మీద కస్టమ్స్ సుంకం పడదు. ఓడ కిరాయి, రేవు ఛార్జీలు, సరుకు ఎక్కించి దించే కూలి, ఏజెంటు కమీషన్ ఉంటాయి. చైనా నుంచో థాయ్‌లాండ్ నుంచో వచ్చిన యంత్రం చెన్నైలో దిగి సుంకం కట్టాక దీవికి బయల్దేరితే, ఆ సుంకం అక్కడితో సరి. స్వదేశీ సరుకు బిల్లులో ‘కస్టమ్స్’ అన్న మాట కనబడితే ఆ మాట దగ్గరే ఆగి అడగాలి.

మౌనం సంగతికి వస్తే, జాతక కథల్లో మూడోదైన సేరివవాణిజ జాతకం తెలుగువాళ్లు ప్రత్యేకంగా గుర్తుంచుకోదగినది. సేరి రాజ్యం నుంచి ఇద్దరు తిరుగుడు వర్తకులు తేలవాహ నది దాటి అంధపురానికి వస్తారు. అది ఆంధ్రుల పట్టణమేనని పలువురు పండితులు అన్నారు. అక్కడ చితికిపోయిన ఒక ఇంట్లో ముసలమ్మ, మనవరాలు మిగిలారు. పాత సామాను మధ్య మసి పట్టిన గిన్నె ఒకటి ఉంది. అది బంగారమని ఇద్దరికీ తెలియదు. మనవరాలికి ఏదో నగ ఇమ్మని ఆ గిన్నె చూపిస్తే, మొదటి వర్తకుడు దాన్ని తిరగేసి సూదితో గీస్తాడు. బంగారమని తెలిసిపోతుంది. అర మాషం కూడా చెయ్యదంటూ నేల మీద పడేసి వెళ్లిపోతాడు, తర్వాత వచ్చి ఉత్తపుణ్యానికి పట్టుకుపోదామని. రెండోవాడు బోధిసత్త్వుడు, అంటే పూర్వజన్మలో బుద్ధుడు. ఈ గిన్నె లక్ష చేస్తుందమ్మా, అంత సొమ్ము నా దగ్గర లేదు అంటాడు. తన దగ్గరున్న 500 నాణేలూ, మరో 500 విలువ చేసే సరుకూ వాళ్లకిచ్చి, 8 నాణేలు, తక్కెడ, సంచి మాత్రం తనకు ఉంచమని అడుగుతాడు. ఆ ఎనిమిదీ పడవవాడికి ఇచ్చి ఏరు దాటుతాడు.

కథలో రెండు చోట్ల ఆగాలి. ఒకటి ఆ సూది గీత. గీయకముందు మొదటి వర్తకుడిలో తప్పేమీ లేదు. గీశాక అతనికి తెలిసింది, ఎదుటివాళ్లకు తెలియలేదు; ఆ తేడానే అతను సొమ్ము చేసుకోబోయాడు. రెండోది ఆ ఎనిమిది నాణేలు. బోధిసత్త్వుడు త్యాగమేమీ చెయ్యలేదు. లక్ష విలువైన గిన్నె వెయ్యికి తీసుకున్నాడు, కథ అందుకు అతన్ని తప్పు పట్టలేదు. దారిఖర్చు కూడా ఉంచుకున్నాడు. అయితే గిన్నె విలువ ముందు చెప్పాడు, ఖర్చు పైకి అడిగాడు, వాళ్లు సరేనన్నాకే తీసుకున్నాడు. లాభాన్ని, రుసుమును మోసం నుంచి వేరుచేసే గీత ఎక్కడుందో ఇంత సూటిగా చూపించిన కథ మరొకటి దొరకడం కష్టం.

ఇదే చిక్కును క్రీ.పూ. 44లో రోమన్ తత్త్వవేత్త సిసెరో ఇంకో దీవి మీద పెట్టి చూశాడు. రోడ్స్ దీవిలో కరువు. అలెగ్జాండ్రియా నుంచి ఒక వర్తకుడు ధాన్యం ఓడతో ముందుగా చేరాడు. వెనకాల ఇంకా ఓడలు వస్తున్నాయని అతనికి తెలుసు, ఊరివాళ్లకు తెలియదు. చెప్పాలా, చెప్పకుండా కరువు ధరకు అమ్ముకోవచ్చా? స్టోయిక్ గురువు డయోజెనీస్ వాదన ప్రకారం అడగనిది చెప్పకపోవడం వేరు, దాచడం వేరు. చట్టం చెప్పమన్న లోపాలు చెబితే చాలు. ఆయన శిష్యుడు ఆంటిపేటర్ ఒప్పుకోలేదు. మనుషుల మేలు చూడడమే మనిషి స్వభావమైనప్పుడు కొనేవాడికి తెలియాల్సినది తన దగ్గర ఉంచుకోకూడదన్నాడు. సిసెరో ఆంటిపేటర్ పక్షాన నిలిచాడు. ప్రతి మౌనమూ దాపరికం కాదని ఒప్పుకుంటూనే ఒక హద్దు గీశాడు: నీకు తెలిసిన విషయం తెలుసుకోవడం ఎవరికి అవసరమో వాళ్లకు, నీ లాభం కోసం, తెలియకుండా ఉంచితే అది దాపరికమే.

ఈ హద్దు ఏజెంటుకు మరింత గట్టిగా వర్తిస్తుంది. రోడ్స్ వర్తకుడు ఎదుటి పక్షం, తన సరుకు తాను అమ్ముకునేవాడు. ఏజెంటు కొన్నవాడి పక్షం. కంటైనర్‌ను ఎన్ని రోజుల్లో ఖాళీ చేసి ఇవ్వాలో, గడువు దాటితే ఓడ కంపెనీ రోజుకు ఎంత వేస్తుందో అతనికి మొదటి రోజే తెలుసు. గడువు గడిచాక బిల్లు పంపేవాడు సూదితో గీసి చూసి నోరు మూసుకున్నవాడే.

మహాభారతం శాంతిపర్వంలోని తులాధారుడి కథ కూడా ఇక్కడికే చేరుతుంది. తలమీద పిట్టలు గూడు కట్టేంత నిశ్చలంగా తపస్సు చేసిన జాజలి, కాశీలో కొట్టు నడుపుకునే వర్తకుడి దగ్గరికి ధర్మం నేర్చుకోవడానికి వెళ్లాల్సి వచ్చింది. తన తక్కెడ అందరికీ ఒకటేనన్నది తులాధారుడు చెప్పుకున్న యోగ్యత. దూరాన ఉన్నవాడికీ, లెక్క తెలియనివాడికీ అదే తక్కెడ అన్న అర్థం అందులో ఉంది.

వ్యక్తి మంచితనం మీద మాత్రమే ఆధారపడితే చాలదని రాజ్యాలు కూడా గ్రహించాయి. ప్రాచీన రాజనీతి గ్రంథమైన అర్థశాస్త్రం సుంకపు శాలను నగర ద్వారం దగ్గర, ఎదుటే జెండాతో, అందరికీ కనబడేలా పెట్టమంది. వర్తకుడెవరు, ఎక్కడి నుంచి వచ్చాడు, సరుకెంత అన్నది రాసుకోమంది. లాభానికి కూడా స్వదేశీ సరుకుపై నూటికి 5, పరదేశీ సరుకుపై నూటికి 10 అని హద్దు పెట్టింది. తెలుగునాట దీనికి రాతి సాక్ష్యమే ఉంది. బాపట్ల తీరంలోని మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244-45లో వేయించిన అభయ శాసనం వీరభద్రాలయంలో స్తంభం మీద నిలిచి ఉంది. తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా పూర్వపు రాజులు లాక్కునేవారనీ, ప్రాణం కన్నా ధనమే మిన్న అనుకుని సముద్రానికి ఎదురొడ్డి వచ్చే వర్తకుల మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, తాము నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోమనీ ఆ శాసనం ప్రకటించింది. ఎగుమతికీ దిగుమతికీ ముప్ఫైకి ఒకటి అని రేటు చెప్పింది. చందనం, కర్పూరం, పన్నీరు, ముత్యాలు, పగడాలు, పట్టు, మిరియాలు, వక్కలు అంటూ సరుకుల పేర్లు విడిగా పెట్టింది. ఓడ దిగినవాడు తానెంత కట్టాలో రాయి మీద చదువుకోవచ్చు, చదివించుకోవచ్చు. అభయం అనే మాటను ఒక రేట్ల పట్టికకు పెట్టడంలో చాలా ఆలోచన ఉంది. ఎంత పోతుందో తెలియకపోవడమే వర్తకుడి భయమని ఆ రాజు అర్థం చేసుకున్నాడు.

నేటి దిగుమతి బిల్లులో ఆ స్తంభానికి సాటివచ్చేది కస్టమ్స్ లెక్క. అది కష్టమే గాని రహస్యం కాదు. విదేశీ రేవు దగ్గర లక్ష రూపాయలున్న వస్తువును ఓడ మీద తెప్పిస్తే, కిరాయి, బీమా కూడా విలువలో కలుస్తాయి. అసలు కిరాయి ఎంతో తేలకపోతే నిబంధనల ప్రకారం 20 శాతం, అంటే 20,000. బీమా తేలకపోతే 1.125 శాతం, అంటే 1,125. సుంకం వేసే విలువ 1,21,125 అయింది. మూల సుంకం 10 శాతం అనుకుంటే 12,112.50. ఆ సుంకం మీద పదో వంతు సాంఘిక సంక్షేమ సర్‌ఛార్జి 1,211.25. వీటన్నిటినీ కలిపిన మొత్తం మీద ఐజీఎస్టీ 18 శాతమైతే దాదాపు 24,201. వెరసి ప్రభుత్వానికి వెళ్లేది సుమారు 37,525 రూపాయలు. పదీ పద్దెనిమిదీ ఇరవై ఎనిమిది, లక్షకు 28,000 అని వేళ్ల మీద లెక్కపెట్టుకున్నవాడికి తొమ్మిదిన్నర వేలు ఏజెంటు తిన్నట్టే అనిపిస్తుంది. అతను తినలేదు. వివరించకపోవడం వల్ల నిజాయితీపరుడి మీదా ఆ మచ్చ పడుతుంది.

అందుకే బిల్లును మూడు కుప్పలుగా విడదీసి అడగడం మంచి పద్ధతి. ప్రభుత్వానికి కట్టినది మొదటిది; దానికి బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్‌కు ఇచ్చే దిగుమతి పత్రం), చలానా సాక్ష్యం. ఓడ కంపెనీకి, రేవుకు, గోడౌనుకు, లారీకి ఇచ్చినది రెండోది. టెర్మినల్ హ్యాండ్లింగ్, డెలివరీ ఆర్డర్, డెమరేజ్ వంటివన్నీ ఇందులోకి వస్తాయి, ఒక్కోదానికి ఆ సంస్థ పేరుతో రసీదు ఉండాలి. మూడోది ఏజెంటు సొంత రుసుము, దాని మీద జీఎస్టీ. దాపరికం దాదాపు ఎప్పుడూ రెండో కుప్పలోనే చోటు వెతుక్కుంటుంది. 1,800 కట్టినచోట 2,600 అని రాసి, తేడాను ఎవరి రుసుముగానూ చూపకపోవడం పరిపాటి. ఆ ఎనిమిది వందలే సొంత రుసుములో కలిపి ముందే చెప్పి ఉంటే ఎవరూ వేలెత్తి చూపలేరు. సొమ్ము అంతే ఉన్నా, ఒప్పుకునే హక్కు కొన్నవాడి చేతిలోంచి జారిపోయింది. ధర్మం దృష్టిలో పోయినది అదే, అందుకే దాన్ని దొంగతనం అనడం సబబు.

చట్టం కూడా ఇంచుమించు ఇక్కడికే వచ్చి నిలుస్తుంది. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 213వ సెక్షన్ ఏజెంటు అడిగినప్పుడు లెక్క చూపాలంటుంది. యజమానికి తెలియకుండా ఆ పనిలో తన సొంత బేరం చేసుకుని పొందిన లాభాన్ని యజమాని రాబట్టుకోవచ్చని 216వ సెక్షన్ చెబుతుంది. 2018 కస్టమ్స్ బ్రోకర్ల నిబంధనలు, అడ్వాన్సుగా తీసుకున్న సొమ్ములో ఖర్చుకు పోగా మిగిలినదానికి వెంటనే లెక్క చెప్పాలనీ, కస్టమ్స్ ఉత్తర్వుల్లోని సమాచారాన్ని ఖాతాదారు దగ్గర తొక్కిపెట్టరాదనీ అన్నాయి.

చిక్కైన చోట్లు లేకపోలేదు. ‘మామూళ్లు’ అన్న పద్దు వాటిలో మొదటిది. ఎప్పుడూ ఇచ్చేదే కాబట్టి మామూలు అన్న పేరు వచ్చింది. రసీదు లేని ఆ ఖర్చును ముందే చెప్పినంత మాత్రాన అది శుద్ధి కాదు. దాపరికం లేకపోవడం ధర్మానికి మొదటి మెట్టు మాత్రమే. రెండో చిక్కు కొన్నవాడి వైపు ఉంది. ఇన్వాయిసులో విలువ తగ్గించి చూపమని ఏజెంటుకు చెప్పేవాడు, తనకు అదే ఏజెంటు పూర్తి లెక్క చెప్పాలని ఏ ముఖంతో అడుగుతాడు? అర్థశాస్త్రం సరుకు విలువ తగ్గించి చెప్పినవాణ్ని కూడా శిక్షించమంది. తక్కెడకు రెండు పళ్లాలున్నాయి.

అన్నిటికన్నా కష్టమైనది నిజంగానే ముందు తెలియని ఖర్చు. తుఫానుకు ఓడ ఆలస్యం కావచ్చు, కాగితాల్లో తప్పు దొర్లవచ్చు. బిల్ ఆఫ్ ఎంట్రీ ఆలస్యమైతే మొదటి మూడు రోజులు రోజుకు 5,000, ఆపైన రోజుకు 10,000 చొప్పున ఆలస్య రుసుము పడుతుంది. బంగాళాఖాతంలో వాయుగుండం ఎప్పుడు పుడుతుందో చెప్పమని ఏ ఏజెంటునూ అడగలేం. అడగదగినదల్లా ఇది: ఏ ఖర్చు పెరగవచ్చో పేరు చెప్పాలి, రోజుకు ఎంత చొప్పునో చెప్పాలి, ఫలానా మొత్తం దాటేలా ఉంటే దాటకముందే ఫోను చెయ్యాలి. ఈ మూడూ అడ్వాన్సు ఇచ్చేముందే కాగితం మీద రాయించుకుంటే, బ్రూక్షాబాద్‌లో కూర్చున్నవాడికి అవతలి ఒడ్డున జరిగేది చాలావరకు కనబడుతుంది.