పొరబాటునకు తావున్నను ఎరుక ఎరుకయే

"మనుష్యుడు పొరబడుట సహజము గదా! పొరబడుటకు అవకాశమున్నచోట తెలిసినదని చెప్పుట యెట్లు?" అను ప్రశ్న మన యిండ్లలోను, మఠములలో జరుగు గోష్ఠులలోను తరచుగా వినవచ్చుచుండును. దీనికి మనమిచ్చు సమాధానమును బట్టి మన నడవడి మారును. తప్పునకు తావున్నంతవరకు జ్ఞానమే లేదన్నచో వైద్యుని మాటయు, వీధిలోని వదంతియు సమానమగును. అప్పుడు కొందరు దేనిని నమ్మక నిశ్చేష్టులగుదురు. మరికొందరు ఎన్నడును పొరబడనని చాటుకొనువానిని వెదకి, తమ బుద్ధిని వానికి అప్పగింతురు. ఈ రెండు త్రోవలును బసవేశ్వరుడు చూపినవి కావు.

ఈ విచారణ మన దేశమున ప్రాచీనమైనది. మసకచీకటిలో త్రాడు పాముగా తోచును. మిట్టమధ్యాహ్నమున ఎండమావి నీరుగా తోచును. ఈ భ్రమలను ఎరిగియే మన దార్శనికులు జ్ఞానమును గూర్చి విచారించిరి. బాధకము కనబడునంతవరకు జ్ఞానము తనంతట ప్రమాణమేనని మీమాంసకులు చెప్పిరి. ప్రవృత్తి సఫలమైనప్పుడు దాని ప్రామాణ్యము తేటపడునని నైయాయికులు చెప్పిరి. నీరని తలచి పోయినవానికి దప్పి తీరినచో ఆ జ్ఞానము యథార్థమని వారి భావము. వీరి నడుమ వాదమెంత యున్నను, ఎండమావులున్నవి గనుక లోకమున ఎవరికిని నీరు తెలియదని ఇరువురిలో ఎవరును అనలేదు. ఉదయనాచార్యులు న్యాయకుసుమాంజలి యందు, సంశయము మన ప్రవర్తనతోనే విరోధించుచోట నిలిచిపోవునని నిరూపించెను. నిప్పు కాల్చునా యని శంకించువాడును అన్నము వండుకొనుటకు నిప్పునే వెదకును గదా! కావున నమ్మకమునకు వలెనే సంశయమునకును కారణముండవలెను.

ఈ విషయమునకు నిదర్శనము చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతముల వారి కనులయెదుటనే కలదు. అది గండిపేట చెరువు. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచెను. వేలకొలది జనులు ప్రాణములు కోల్పోయిరి. ఎగువన అనేక చెరువులు తెగి, ఒకదాని నీరు మరొకదానిపై బడి వరద ఉద్ధృతమయ్యెను. మరుసటి యేడు నిజాం ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యను రావించెను. మూసీపైనను, దానిలో కలియు ఈసీపైనను నగరమునకు ఎగువన జలాశయములు కట్టి వరదను నిలుపవలెనని ఆయన సూచించెను. గండిపేట వద్ద మూసీపై ఉస్మాన్ సాగర్ 1920లోను, ఈసీపై హిమాయత్ సాగర్ 1927లోను పూర్తియయ్యెను.

ఇంతకు విశ్వేశ్వరయ్యకు తెలిసినదేమి? అట్టి వాన మరల ఏ యేట కురియునో ఆయనకు తెలియదు. దానిని మించినది ఎన్నడును రాదని చెప్పుటకును ఆధారము లేదు. అయినను ఎగువ నీటిని అడ్డగించి మెల్లగా విడిచినచో నగరమునకు రక్షణ కలుగునని ఆయనకు తెలియును. కురిసిన వాన, నీరు వచ్చి చేరు నేల విస్తీర్ణము, తెగిన చెరువులు, నది మోయగల ప్రవాహము, వీనిని విచారించి చెప్పిన మాట యది. "మీరు పొరబడవచ్చును గదా" అన్నవారికి ఆనకట్టకు అమర్చిన వరద గేట్లే ప్రత్యుత్తరము. ఊరూర చెరువులు కట్టిన మన పూర్వులకును ఈ మర్మము తెలియును. కట్ట యెంత గట్టిదైనను దానికొక మత్తడి ఏర్పరచిరి. తాము ఊహించినదానికంటె ఎక్కువ నీరు రావచ్చునని ఒప్పుకొనుటయే మత్తడి. ఆ ఒప్పుకోలు వలన కట్ట నిలిచినది. మత్తడి పూడిన చెరువునకే గండి పడును.

గండిపేట యందు ఈ పరీక్ష నేటికిని జరుగుచున్నది. ఉస్మాన్ సాగర్ పూర్తి నీటిమట్టము 1790 అడుగులు. నీరు ఆ మట్టమును సమీపించినప్పుడు గేట్ల విషయము నిర్ణయించువానికి రెండు వైపుల పొరబాటు పొంచియుండును. తొందరపడి విడిచినచో త్రాగునీరు వ్యర్థమగును. ఆలసించినచో దిగువవారికి ఆపద కలుగును. 2020 అక్టోబరులో హిమాయత్ సాగర్ గేట్లను, 2021 జూలైలో ఉస్మాన్ సాగర్ గేట్లను ఎత్తవలసివచ్చెను. 2025 సెప్టెంబరు చివర ఈ జలాశయముల నుండి విడిచిన నీటితో మూసీ పెరిగి, మహాత్మాగాంధీ బస్ స్టేషన్ ప్రాంగణములోనికి వరద వచ్చెను. రేపటి వానను నిస్సందేహముగా ఎరిగిన పిమ్మటనే గేటు ఎత్తెదనన్నవాడు ఎన్నడును ఎత్తలేడు. ఏమియు తెలియదు గనుక ఎప్పుడెత్తినను ఒకటే యన్నవాడు ఊరిని ముంచును. గంటగంటకు మట్టము చూచుచు, ఎగువ వాన సమాచారము తెప్పించుకొనుచు, దిగువవారిని ముందుగా హెచ్చరించి, గేటు ఎత్తిన పిమ్మటను చూపు మరల్పక నిలుచువాడు తెలిసి చేసినవాడు. అతని అంచనా ఒకనాడు తప్పవచ్చును. అంతమాత్రమున అతనికి ఏనాడును ఏమియు తెలియలేదనుట అన్యాయము.

దీనినిబట్టి, తెలిసినదని చెప్పువానికి మూడు బాధ్యతలు కలవు. అడిగినవానికి తన ఆధారమును చూపగలుగుట మొదటిది. కారణముతో ఎదురైన సంశయమును దాటవేయక తీర్చుకొనుట రెండవది. ఊరక కల్పించిన ప్రతి శంకకును జవాబు చెప్పనక్కరలేదు. తాను పొరబడినచో నష్టము ఎవరిపై బడునో తలచుట మూడవది. సంతలో వంకాయలు ఏరుకొనుటకు చాలిన చూపు పసిబిడ్డకు మందు పోయుటకు చాలదు. పరుల ప్రాణము ముడివడియున్నకొలది ఆధారమును గట్టిపరచుకొనవలెను. ఇది తర్కమునకు సంబంధించిన నియమమే కాదు, దయకు సంబంధించిన నియమము గూడ. దయ ధర్మమునకు మూలమని బోధించిన బసవేశ్వరుని అనుయాయులకు ఈ మాట వేరుగ చెప్పనక్కరలేదు.

శరణుల చరిత్రలో సొన్నలిగె సిద్ధరామేశ్వరుని వృత్తాంతము ఇచ్చట స్మరణీయము. నేటి సోలాపురమే నాటి సొన్నలిగె. అచ్చట ఆయన లోకహితమునకై చెరువు త్రవ్వించెను. అది పరమ పుణ్యకార్యమని ఆయన నమ్మకము. అల్లమప్రభువు ఆ చోటికి వచ్చి, సిద్ధరాముని మట్టి త్రవ్వువానిగా ఎంచి పరుషముగా పలికెననియు, అక్కడివారు ఆగ్రహించి ఆయనపై రాళ్లు రువ్విరనియు కథ. సిద్ధరాముడు మొదట కోపించినను, పిదప ఆ మాటలలోని ప్రశ్నను ఆలకించెను. కల్యాణమునకు వెళ్లి చెన్నబసవేశ్వరుని వలన ఇష్టలింగదీక్ష గైకొనెను. ఆయన చెరువును పూడ్చివేయలేదు. చెరువు త్రవ్వించుటతోనే సర్వమును సిద్ధించునను తన తలపును సవరించుకొనెను. రాళ్లు రువ్వినవారికి గట్టి నమ్మకమున్నది, కాని ప్రశ్నను వినగల ఓర్పు లేదు. సిద్ధరామునకు ఆ ఓర్పు కలిగినందుననే ఆయన శివయోగియయ్యెను. అనుభవమంటపము వెలసినది ఈ ఓర్పుపైననే. అచ్చట బిజ్జలుని భండారియైన బసవేశ్వరుడును, కాయకము చేసుకొని బ్రతుకు సామాన్య శరణుడును తమ అనుభవమును పదిమంది యెదుట పెట్టిరి.

"సవరణకు తావిచ్చినచో శ్రద్ధ సడలదా?" యని కొందరు శంకింతురు. ఇది త్రోసివేయదగిన శంక కాదు. మన షట్‌స్థల క్రమమును పరికింతము. భక్తస్థలమునకు శ్రద్ధ, మాహేశ్వరస్థలమునకు నిష్ఠ, ప్రసాదిస్థలమునకు అవధానము, ప్రాణలింగిస్థలమునకు అనుభవము చెప్పబడినవి. నిష్ఠనుండి అనుభవమునకు పోవు త్రోవలో అవధానము నిలిచియున్నది. అవధానమనగా మెలకువ. ఆ మెలకువ లేని నిష్ఠ మూర్ఖపు పట్టుదలగా మారును. లింగమునందు నిష్ఠ యుండుట వేరు, లింగమును గూర్చి నేను పలుకు ప్రతి పలుకును తప్పులేనిదని సాధించుట వేరు. మొదటిది భక్తి, రెండవది అహంకారము. కన్నడ శరణులు గురువుగా భావించిన అరివునే మనము తెలుగున ఎరుక అందుము. గురువనువాడు శిష్యుని ప్రశ్నకు వెరవడు. ఎరుకయు అట్టిదే.

కావున శరణ బంధువులు "నాకు తెలియును" అనుటకు జంకనక్కరలేదు. ఇంటిపెద్ద ఆ మాట అన్నప్పుడు పిల్లవాడు "ఎట్లు తెలిసినది, తాతా?" అని అడిగినచో దానిని ధిక్కారముగా తలపరాదు. మఠమునందు సామాన్య భక్తుడు స్వామివారిని ప్రశ్నించినచో అపచారముగా ఎంచరాదు. ఆధారమును చెప్పవలెను. ఆధారము చాలనిచో "విచారించి చెప్పెదను" అనవలెను. అట్లు అనగలిగిన పెద్దలున్న ఇంటిలో పిల్లలు వదంతులకు లొంగరు, దొంగస్వాములకు దొరకరు. తెలిసినదానిని ధైర్యముగా ఆచరించుచు, మెలకువను విడువక మెలగుటయే మనకు తగిన నడవడి.