కిరణం ఎవరి మీదికి

2025 ఏప్రిల్ 13న కర్నూలు దగ్గరి డీఆర్‌డీఓ ప్రయోగ క్షేత్రంలో 30 కిలోవాట్ల లేజర్ ఆకాశంలో ఎగురుతున్న ఒక డ్రోన్‌ను కూల్చింది. గుంపుగా వచ్చిన చిన్న డ్రోన్లను అడ్డుకుంది. నిఘా సెన్సర్లనూ యాంటెన్నాలనూ పనికిరాకుండా చేసింది. ఈ పనిలో ముందున్నది హైదరాబాద్‌లోని ‘చెస్’ అనే ప్రయోగశాల. ఆ ఏడాదే ఆగస్టు 23న ఒడిశా తీరంలో గగనతల రక్షణ వ్యవస్థను పరీక్షించినప్పుడు, క్షిపణుల సరసన ఆ ప్రయోగశాల లేజర్‌కూ చోటు దక్కింది. పత్రికలు ‘స్టార్ వార్స్’ అన్నాయి. ఆ సినిమా పోలిక వల్ల అసలు సంగతి వెనక్కి పోయిందని నాకనిపిస్తుంది.

ఇలాంటి ఆయుధాల్లో చాలావాటి గుండెకాయ ఫైబర్ లేజర్. బాలానగర్‌లో, జీడిమెట్లలో ఇనుప రేకులు కోసే షాపుల్లో ఉండేదీ ఆ జాతిదే. తేడా బలంలోనూ దూరంలోనూ ఉంది. రేకు కోసేటప్పుడు కిరణం వేళ్ల సందంత దూరం ప్రయాణిస్తుంది. డ్రోన్ మీదికైతే కిలోమీటర్లు పోవాలి. పోయి, ఎగిరే వస్తువు మీద ఒకే చోట కొన్ని సెకన్లు నిలవాలి. దారిలో దుమ్ము, తేమ, పొగమంచు దాన్ని చెదరగొడతాయి. వేడెక్కిన గాలి దాన్ని వణికిస్తుంది. కిరణం తన దారిలోని గాలిని తానే వేడిచేసి తానే వెడల్పైపోతుంది కూడా. ఇన్ని చిక్కులు విప్పుకొని మనవాళ్లు గురి నిలబెట్టారంటే నేను మనస్ఫూర్తిగా గర్వపడతాను.

గర్వపడటానికి ఇంకో కారణం ఉంది. 2025 మే నెలలో పశ్చిమ సరిహద్దు మీదికి డ్రోన్లు గుంపులు గుంపులుగా వచ్చిన రాత్రులు మనందరికీ గుర్తే. చవక డ్రోన్‌ను ఖరీదైన క్షిపణితో కొడుతూ పోతే ముందు ఖాళీ అయ్యేది కాపాడుకునేవాడి అమ్ములపొదే. బ్రిటన్ తన డ్రాగన్‌ఫైర్ లేజర్‌కు ఒక్కో ప్రయోగం ఖర్చు 10 పౌండ్ల లోపేనని లెక్క చెబుతోంది. కరెంటు ఉన్నంతసేపూ గుండ్లు అయిపోవన్నమాట. ఊరి మీద పడబోయే డ్రోన్‌ను దారిలోనే కాల్చేసే వెలుగుకు నేను అడ్డు చెప్పను. దాని గురి యంత్రం మీద ఉన్నంతకాలం నేను దాని పక్షమే.

నన్ను కలవరపెట్టేది కన్ను. ఈ ఫైబర్ లేజర్ల కాంతి సుమారు ఒక మైక్రాన్ తరంగదైర్ఘ్యంలో ఉంటుంది. మనకు కనిపించదు. కనిపించదు కాబట్టి రెప్ప వాలదు. పైగా కంటి ముందుభాగం దాన్ని ఆపదు. కార్నియా, లెన్సు దాన్ని నేరుగా రెటీనా మీద ఒక చుక్కగా కూడదీస్తాయి. కార్నియా మీద పడ్డ తీవ్రత రెటీనా చేరేసరికి దాదాపు లక్ష రెట్లవుతుంది. అంటే కన్ను ఎంత బాగా పనిచేస్తే అంత బాగా కాలుతుంది. చూడటానికి పుట్టిన నేర్పే దాని చావుకొస్తుంది. డ్రోన్ లోహపు అంచు మీద పడి ఎటో చిమ్మిన మెరుపుకూ ఈ శక్తి కొంత మిగిలే ఉంటుంది.

ఈ వెలుగు నా ఇంటికి మేలు చేసింది. మా అమ్మకు షుగర్ వల్ల రెటీనా దెబ్బతిన్నప్పుడు డాక్టరు లేజర్ పెట్టారు. గడ్డం ఆనించుకొని కదలకుండా నేరుగా చూడమంటారు. కొన్ని విడతల్లో రెటీనా అంచుల మీద వెయ్యికి పైగా చిన్నచిన్న మచ్చలు కాలుస్తారు. అంచు చూపు కొంత వదులుకుంటే నడిమి చూపు నిలుస్తుంది. అమ్మ ఇప్పటికీ పేపరు చదువుతుంది. 1960 మే 16న మైమన్ అనే శాస్త్రవేత్త మొదటి లేజర్‌ను వెలిగించాడు. ఆ సంగతి బయటికి రాగానే పత్రికలు దాన్ని మృత్యుకిరణం అన్నాయి. మరుసటి ఏడాది చివరికల్లా న్యూయార్క్‌లో ఒక రోగి కంటిలోని కణితిని కాల్చడానికి డాక్టర్లు దాన్ని వాడారు. ఆయుధం కాకముందే అది వైద్యమైంది.

మనుషులు ఈ కంటి గురించి ఒకసారి గట్టిగా ఆలోచించారు. 1980లలో స్వీడన్, స్విట్జర్లాండ్ ఈ ప్రశ్న లేవనెత్తాయి. 1989 నుంచి రెడ్‌క్రాస్ అంతర్జాతీయ కమిటీ కంటి డాక్టర్లనూ సైనికాధికారులనూ న్యాయ నిపుణులనూ ఒకచోట కూర్చోబెట్టింది. 1995 అక్టోబర్ 13న వియన్నాలో, శాశ్వతంగా చూపు పోగొట్టేందుకు ప్రత్యేకించి తయారుచేసిన లేజర్ ఆయుధాలను నిషేధిస్తూ ఒప్పందం కుదిరింది. ఇవాళ వందకు పైగా దేశాలు అందులో ఉన్నాయి. భారత్ కూడా ఉంది. యుద్ధరంగంలో వాడకముందే ఒక ఆయుధాన్ని నిషేధించడం 1868 నాటి సెయింట్ పీటర్స్‌బర్గ్ ప్రకటన తర్వాత ఇదే మొదటిసారని రెడ్‌క్రాస్ అంటుంది.

ఆ చర్చల్లో ఎదురైన ఒక వాదన నన్ను వదలదు. యుద్ధంలో సైనికుణ్ణి చంపడానికి చట్టం ఒప్పుకుంటుంది కదా, చంపడం కన్నా చూపు తీయడం ఎలా ఎక్కువ తప్పవుతుంది? తర్కంగా చూస్తే ఇది బలమైన ప్రశ్నే. చూపులేని బతుకు చావుకన్నా హీనమని జవాబు చెబితే అది అబద్ధం. చూపు లేకుండా చదువుకొని, పాఠాలు చెప్పి, ఇళ్లు నడుపుతున్నవాళ్లకు అవమానం కూడా. నాకు తోచిన జవాబు వేరు. తూటా పేల్చేవాడు సైనికుణ్ణి ఆపాలనుకుంటాడు. గాయం మానవచ్చు, మానకపోవచ్చు. కన్ను కాల్చడానికే ఆయుధాన్ని మలచినవాడు మాత్రం యుద్ధం ముగిశాక కూడా ఆ మనిషిని వదలకూడదని ముందే తేల్చుకున్నాడు. వైద్యానికి దారి లేకుండా చేయడమే అక్కడ ఉద్దేశం. చంపడాన్ని ఒప్పుకున్న చట్టం ఆ ఉద్దేశాన్ని ఒప్పుకోలేకపోయింది. అక్కడ చట్టం మనిషిగా ఆలోచించిందని నాకు గౌరవం.

అయితే ఒప్పందంలోని మాటలు ఇరుకు. కాపాడేది ఉత్త కన్నును, కళ్లజోడు పెట్టుకున్న కన్నును మాత్రమే. దుర్భిణిలోంచి చూసే సైనికుడు దాని నీడలో లేడు. దుర్భిణి అంటేనే వెలుగును మరింతగా కంట్లోకి పోసే సాధనం, అంటే ఎక్కువ ప్రమాదంలో ఉన్నవాడినే వదిలేశారు. శత్రువు కెమెరా మీద ప్రయోగిస్తుంటే అనుకోకుండా ఒకరి చూపు పోతే అది నిషేధం కిందికి రాదని కూడా స్పష్టంగా రాసుకున్నారు. 1995లో దానికి ఏదో సర్దుబాటు కారణం ఉండి ఉంటుంది. గగనమంతా కిలోవాట్ల లేజర్లు తిరగబోయే కాలానికి ఆ సర్దుబాటు చాలదు.

కిరణాన్ని మనిషి మీద నేరుగా ప్రయోగించాలన్న ఆలోచన కూడా లేకపోలేదు. అమెరికా సైన్యం తయారుచేసిన ఒక యంత్రం 95 గిగాహెర్ట్జ్ తరంగాలతో చర్మం పై పొరను అర మిల్లీమీటర్ లోతులోపే వేడెక్కిస్తుంది. భరించలేక మనిషి పారిపోతాడు. 2010లో దాన్ని ఆఫ్ఘనిస్తాన్ తీసుకెళ్లి, వాడకుండానే వెనక్కి తెచ్చారు. ప్రాణం తీయదు కాబట్టి మేలంటారు. అనుకున్నట్టు పనిచేస్తే ఒంటి మీద మచ్చ కూడా మిగలదు. నాకు భయం వేసేది అక్కడే. రేపు ఏ ప్రభుత్వమైనా దాన్ని జనం గుంపు మీదికి తిప్పితే, దెబ్బతిన్నవాడు కోర్టులో చూపించడానికి ఏముంటుంది?

ఎదుటి దేశం ఒప్పుకోనప్పుడు మనమొక్కరమే చేతులు కట్టుకోవాలా అని అడిగేవారున్నారు. 1995లో పరిస్థితి ఇంతకన్నా సులువుగా ఏమీ లేదు. చైనా చూపు తీసే లేజర్‌ను ఆ ఏడాదే ఆయుధ ప్రదర్శనలో అమ్మకానికి పెట్టింది. అమెరికా తుపాకీకి అమర్చే లేజర్‌ను సిద్ధం చేసుకుంటూ, ఒప్పందం కుదిరిన అక్టోబరులోనే దాన్ని రద్దు చేసుకుంది. ఆయుధం ఇంకా కొత్తగా ఉండగా, దాని చుట్టూ కాంట్రాక్టులూ అలవాట్లూ అల్లుకోకముందు మాట్లాడారు కాబట్టే నిషేధం సాధ్యమైంది.

ఇప్పుడు మన లేజర్ అలాంటి వయసులో ఉంది. ఈ ఒప్పందం సమీక్ష జెనీవాలో ఐదేళ్లకోసారి జరుగుతుంది. అక్కడ భారత్ లేచి మూడు మాటలు అడగాలని నా కోరిక. దుర్భిణి వెనకున్న కన్నునూ ఒప్పందంలో చేర్చమనాలి. డ్రోన్లనూ క్షిపణులనూ కూల్చే బలమున్న ఏ లేజర్‌నూ మనిషి మీదికి గురిపెట్టరాదని రాయించాలి. ప్రతి దేశమూ తన ఆయుధాన్ని మోహరించే ముందు, చెదిరిన కిరణం ఎంతదూరం కళ్లకు ప్రమాదమో కొలిచి బయటపెట్టాలని పట్టుబట్టాలి. ఆ కొలత కొలవగలిగిన శాస్త్రవేత్తలు హైదరాబాద్‌లోనే ఉన్నారు.